ఫైబర్ గ్లాస్ పడవ అడుగున పేరుకుపోయిన పాత యాంటీఫౌలింగ్ పెయింట్ ఎలా తీయాలి?

మీరు అడిగింది ఇది: 27 అడుగుల సెకండ్ హ్యాండ్ సెయిల్ బోటు కొన్నారు, అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా పూసే యాంటీఫౌలింగ్ పెయింటు పాతబడి పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, పెయింటు ఊడగొట్టే మందు పూసి తీయాలా, మెషీన్ పెట్టి రుద్దాలా అని. రెండూ వద్దు. గీకండి. రెండు చేతులా పట్టుకుని లాగే స్క్రేపర్ ఒకటి కొనుక్కుని చేత్తో గీకండి. జవాబు ఇంతే. ఈ ముక్క తెలుసుకోడానికి నేను ఎంత తగలేసుకున్నానో చెప్పుకోడానికే మిగతాదంతా రాస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు.

మాది కాకినాడ. ఇప్పుడుండేది మేరీల్యాండ్‌లో, చీసపీక్ బే అనే సముద్రపు పాయకి ముప్పావుగంట దూరం. నా పడవ కూడా మీదాని సైజే, 1983లో తయారైంది. దాని ఖరీదు మా ఫ్రెండ్ కొత్త కారుకి కట్టిన డౌన్ పేమెంటు కంటే తక్కువ. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్ళకి పడవ అనగానే అంబానీ గుర్తొస్తాడు. "ఆ డబ్బుతో ఆదిబట్లలో ప్లాటు వచ్చేది కదరా" అన్నాడొకడు. రాదు. ఆ డబ్బుకి ప్లాటు చుట్టూ ప్రహరీ కూడా లేవదు. పైగా ప్లాటెక్కి శనివారం సాయంత్రం గాలికి తిరగలేం.

సరే, విషయానికొస్తాను. నవంబర్లో క్రేనుతో పైకి తీయించి స్టాండ్ల మీద నిలబెట్టారు. ప్రెషర్ వాష్ కొడితే నాచంతా పోయింది గానీ బార్నకిల్స్ (పడవల అడుక్కి అతుక్కునే చిన్న గుల్ల జీవులు) కూర్చున్నచోటల్లా తెల్లగా గుండ్రటి సున్నం మచ్చలు మిగిలాయి. వాటి మధ్య పెయింటు ఆత్రేయపురం పూతరేకుల్లా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. ఒక పెచ్చు గోటితో లేపి అంచు చూస్తే నీలం, దాని కింద నలుపు, ఎరుపు, మళ్ళీ నీలం, అన్నిటికంటే కింద బూడిదరంగు. నలభై ఏళ్ళలో ఎంతమంది ఓనర్లు మారారో, ఒక్కడైనా పాతది తీశాడా? పై నుంచి పూసి అమ్మేసి పోయారు. అందరి పాపం నా నెత్తిన పడింది.

అసలు ఇన్ని పొరలు ఎందుకు పేరుకుంటాయో తెలిస్తే సగం పని అయినట్టే. ఈ పెయింటులో ఉండే అసలు సరుకు రాగి, ఎక్కువగా క్యుప్రస్ ఆక్సైడ్ రూపంలో. అది నీళ్ళలోకి కొద్దికొద్దిగా కరుగుతుంటేనే బార్నకిల్ పిల్లలు దగ్గరికి రావు. కరగని రాగి దండగ. ఇది 1824లో హంఫ్రీ డేవీ అంతటి రసాయన శాస్త్రవేత్త చేయి కాల్చుకుని నేర్చుకున్న సంగతి. బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుక్కి కొట్టిన రాగిరేకులు తినేస్తున్నాయని ఆయన వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి తినేయడం ఆగింది. ఆగగానే నాచూ గుల్లలూ నిక్షేపంగా కాపురం పెట్టేశాయి! మన డబ్బా పెయింటుదీ అదే కథ. ఇందులో గట్టిరకం ఒకటుంది, హార్డ్ పెయింట్ అంటారు. అందులోంచి రాగి కరిగి పోతుంది, పట్టి ఉంచే రెసిన్ మాత్రం అలాగే అతుక్కుని ఉండిపోతుంది. చెరకు నమిలి రసం మింగాక నోట్లో మిగిలే పిప్పి లాంటిదన్నమాట. వచ్చే ఏడాది ఆ పిప్పి మీదే కొత్త పూత, దాని మీద ఇంకోటి. పది పదిహేను పూతలయ్యాక బరువుకి కింది పిప్పి పట్టు వదిలేస్తుంది. మీరు చూస్తున్న పెచ్చులు అవే.

ఇప్పుడు నా ఘనకార్యం.

2022, శుభకృత్ నామ సంవత్సర ఉగాది, ఏప్రిల్ 2, శనివారం. అమ్మ మా దగ్గరే ఉంది. కాకినాడ నుంచి ఎండబెట్టి పొట్లం కట్టి తెచ్చిన వేపపువ్వుతో పొద్దున్నే పచ్చడి చేసి పెట్టింది. "పండగపూట కూడా ఆ పడవ దగ్గరికేనా" అంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని చెప్పి బయల్దేరాను. డిక్కీలో కొత్త ఆర్బిటల్ శాండర్ (శాండ్ పేపర్ బిళ్ళని తిప్పుతూ రుద్దే మెషీన్), 60 నంబర్ శాండ్ పేపర్ బిళ్ళలు ఓ పెట్టె, ముఖానికి కరోనా కాలంలో మిగిలిన గుడ్డ మాస్కు. యూట్యూబులో ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని, ఒంటిచేత్తో, నవ్వుతూ పడవ మొత్తం రుద్దేస్తాడు. ఆ చొక్కా మీద ఒక్క మరక ఉండదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

పడవ కింద పని ఎలా ఉంటుందంటే, నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే చెయ్యి అందదు. వెల్లకిలా పడుకుని రెండు కేజీల మెషీన్ని నెత్తిమీదకి ఎత్తి నొక్కిపట్టాలి. పది నిమిషాలకి భుజాలు పోయాయి. పావుగంటకి కళ్ళజోడు మీద నీలం పొర కట్టి ఏమీ కనబడలేదు. బిళ్ళ మూడు నిమిషాలకే పెయింటు పట్టేసి నున్నగా మెరుస్తోంది, ఇక అది రుద్దదు, వేడెక్కి వాసన కొడుతుంది అంతే. మార్చు, మళ్ళీ మార్చు. రెండు గంటలు గడిచాక లేచి చూస్తే ఒక తలుపంత మేర శుభ్రమైంది. దగ్గరికెళ్ళి చూద్దును గదా, మ్యాప్‌లో కొండల చుట్టూ గీసే గీతల్లాగ నీలం, నలుపు, ఎరుపు వలయాలు, వలయం నడుమ తెల్లటి జెల్‌కోటు, అంటే ఫైబర్ పైన ఉండే పడవ సొంత నున్నటి పూత, రెండుచోట్ల ఆ తెలుపు కూడా పోయి కిందున్న గ్లాసుబట్ట నేత కనిపిస్తోంది. జెల్‌కోటు మందం ఎంతనుకున్నారు? అర మిల్లీమీటరు. ఆ పైనున్న పెయింటేమో రాయి. మెషీన్‌కి ఏది పెయింటో ఏది పడవో తెలీదు, తేలిగ్గా దొరికినదాన్ని ముందు తినేస్తుంది.

అప్పటికే నోట్లో రాగిచెంబు నాకినట్టు ఒకటే రుచి. తుమ్మితే రుమాలు నీలం. ఆ సమయానికి పడవలు నిలబెట్టే ఆ యార్డు మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు. వాక్యూమ్ తగిలించకుండా పొడిగా రుద్దడం అక్కడ నిషేధం, నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట. అంతకంటే ఘోరం, గాలివాటున ఉన్న పక్క పడవ తెల్లది. దాని మీద నేను వసంతాలాడేశాను. ఓనరు లేడు కాబట్టి బతికిపోయాను. బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆ పడవ కడిగి తుడిచేసరికి సాయంత్రం నాలుగు.

ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. అమ్మ తీసింది. కిందికీ పైకీ చూసి, "ఏంట్రా ఈ అవతారం? శ్రీరామనవమి ఇంకా ఎనిమిది రోజులుంది కదా, అప్పుడే రాముడి వేషం కట్టేశావా?" అంది. మా ఆవిడ నవ్వలేదు. అది వేరే సంగతి. రెండుసార్లు తలంటుకున్నా చెవుల్లో మడతలూ గోళ్ళ సందులూ నీలంగానే ఉండిపోయాయి. అలాగే గుడి హాల్లో పంచాంగ శ్రవణానికి వెళ్ళాం. పంతులుగారు రాశులవారీగా ఆదాయ వ్యయాలు చదువుతుంటే, నా రాశి వ్యయం దగ్గరికి రాగానే మా ఆవిడ తల తిప్పి నా చెవి వైపు చూసింది.

నవ్వులాటకి చెప్తున్నాను గానీ నవ్వులాట కాదు. నా పడవ 1983ది అన్నాను కదా. ఆ రోజుల్లో ఈ పెయింట్లలో ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు విషం కలిపేవారు. దెబ్బకి ఫ్రాన్సులో ఆర్కషాన్ తీరాన ఆల్చిప్పల సాగు కుప్పకూలితే అక్కడ 1982లో చిన్న పడవలకి ఆపేశారు. కొన్ని రకాల సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలిచాయి. అమెరికాలో 25 మీటర్ల లోపు పడవలకి, అల్యూమినియంవి తప్ప, 1988లో నిషేధించారు. ప్రపంచమంతా ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 2008. అంటే నా పడవ పుట్టిన అయిదేళ్ళ దాకా ఆ డబ్బాలు కొట్లో దర్జాగా దొరికేవి. ఆ బూడిదరంగు అడుగుపొరలో ఏముందో ఎవరికెరుక? గుడ్డ మాస్కుతో దాన్ని పిండి కొట్టి పీల్చిన వాణ్ణి నేను.

మర్నాడు మావయ్యకి వీడియో కాల్ చేశాను. అమ్మకి అన్నగారు, తాళ్ళరేవులో చెక్క పడవల పనిలో జీవితం గడిపినవాడు. ఫైబర్ బోటంటే ఆయనకి చిన్నచూపు, ప్లాస్టిక్ బిందె అంటాడు. ఫోటోలు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అల్లుడూ, కొబ్బరి ఎప్పుడైనా కోరావా?" అన్నాడు. కోరాను మావయ్యా అన్నాను. "నీవైపు లాక్కుంటావా, అవతలికి నెడతావా? లాక్కుంటావు. చిప్ప తగలగానే ఏం చేస్తావు? చెయ్యి తేల్చేస్తావు. లేకపోతే కోరులోకి నల్లపొట్టు దిగి పచ్చడి పాడవుతుంది. నువ్వు చేసిందేంటి? చిప్పతో సహా కోరేశావు."

ఇంతకంటే మంచి పాఠం ఏ యూట్యూబూ చెప్పలేదు నాకు. వెళ్ళి కార్బైడ్ (ఉక్కు కంటే గట్టిది) బ్లేడు స్క్రేపర్ కొన్నాను. నాది బాకో కంపెనీది, 65 మిల్లీమీటర్ల బ్లేడు, పిడి ఒకటి వెనక, బ్లేడు పైన బొడిపె ఒకటి. ఒక చేత్తో బొడిపె నొక్కి, రెండో చేత్తో పిడి పట్టుకుని మనవైపు లాగాలి. కొత్త బ్లేడుని పెట్టెలోంచి తీసి నేరుగా పడవ మీద పెట్టకండి. దాని మూలలు రెండూ కాస్త గుండ్రంగా అరగదీయాలి, లేదంటే చెయ్యి ఒక్క పిసరు వాలినా మూల దిగబడి జెల్‌కోటులో చాలు పడుతుంది. కార్బైడ్‌కి మామూలు ఆకురాయి పనిచేయదు, డైమండ్ రాయి కావాలి. చౌకగా దొరికే ఉక్కు బ్లేడయితే ఆకురాయి చాలు, కాకపోతే పది లాగుళ్ళకోసారి పదును పెట్టుకోవాల్సిందే. పదును పోయిన బ్లేడుతో బలం పెట్టి గీకేవాళ్ళే పడవలు పాడుచేస్తారు. నా లెక్కలో మొండి బ్లేడు, శాండర్ ఒకటే.

చెవి పెట్టి వినండి కూడా. పెయింటు మీద బ్లేడు గరగరమంటుంది. జెల్‌కోటు తగలగానే ఆ చప్పుడు సన్నగా, గాజు మీద గోరు గీసినట్టు మారుతుంది. అదే మా మావయ్య చెప్పిన చిప్ప. అక్కడ చెయ్యి తేల్చేయాలి. రెండోరోజుకి నాకు చూడనక్కర్లేకపోయింది, చప్పుడుని బట్టే తెలిసిపోయేది. బాగా పట్టు వదిలినచోట పెచ్చు అరచేతి వెడల్పున, రిబ్బన్లా చుట్టుకుంటూ వచ్చేస్తుంది. ఆ సుఖం చెప్తే అర్థం కాదు. వేపిన వేరుశెనక్కాయ తొక్క నలిపి ఊదినట్టుంటుంది.

ముందుగా చేతి స్ప్రేతో తడిపి గీకితే దుమ్ము లేవదు. పెచ్చులన్నీ కింద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద పడతాయి, సాయంత్రం షీటు చుట్టి యార్డు వాళ్ళు చూపించిన డబ్బాలో వేయాలి, మామూలు చెత్తలో కాదు. దుమ్ము లేవకపోయినా సన్న దుమ్ముని కూడా ఆపే పీ100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు, కళ్ళకి గాగుల్స్, ఒంటికి తొడిగి పారేసే సూటు తప్పదు. నాకు గంటకి ఎనిమిది తొమ్మిది చదరపు అడుగులు సాగింది. మొత్తం అయిదు వారాంతాలు. "ఎవరికైనా డబ్బులిచ్చి చేయించుకోవచ్చు కదా" అని మన తెలుగువాళ్ళ పార్టీల్లో అడగనివాడు లేడు. జిమ్ముకి నెలకింత కట్టి ఇనుము ఎత్తి దింపేవాళ్ళు అడిగే మాటే ఇది.

మందు సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. చుక్కాని మీద, షాఫ్టు చుట్టూ బ్లేడు తిరగని సందుల్లో వాడాను. ఫైబర్ గ్లాస్ మీద వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. పాతకాలపు మిథిలీన్ క్లోరైడ్ మందు జెల్‌కోటునే మెత్తబరిచేస్తుంది, పైగా మనుషుల ప్రాణాలు తీసింది. ఇంట్లో వాడుకునేవాళ్ళకి దాని అమ్మకం అమెరికాలో 2019లోనే ఆపేశారు. ఇప్పటి మందు చిక్కగా, గారెల పిండంత మందాన పట్టించి, పైన కాగితం కప్పి, రాత్రంతా వదిలేయాలి. ఏప్రిల్ చలికి నా దగ్గర అది నిద్రపోయింది. మూడు పొరలు ఊడాయి, మిగతావి నవ్వుతూ ఉండిపోయాయి. ఊడినదేమో పొడి పెచ్చు కాదు, జిగురు బురద, దాన్ని ఎత్తడం ఇంకో నరకం. మొత్తం పడవకి వాడేవాళ్ళు బద్ధకస్తులని నా గట్టి అభిప్రాయం. హీట్ గన్ అయితే ఆలోచనే వద్దు. పొగ విషం, వేడికి కింద ఫైబర్ పొరలు ఉబ్బుతాయి.

ఇక బ్లాస్టింగ్, అంటే గొట్టంతో పొడి జోరుగా కొట్టి పెయింటు లేపడం. మా వరసలోనే ఒకాయన సోడా బ్లాస్టింగ్ చేయించాడు, ఒక్క పూటలో అయిపోయింది. గొట్టం పట్టుకున్న కుర్రాడు ఫోను మాట్లాడుతూ రెండు నిమిషాలు ఒకేచోట నిలబెట్టాడు, అక్కడ అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడ్డాయి. పైగా ఆ సోడా పొడి నీళ్ళతో బాగా కడక్కపోతే కొత్త పెయింటు పట్టదు. మంచి పనివాడు దొరికితే బ్లాస్టింగ్ మంచిదేనట. దొరికితే.

ఇది మొదట్లోనే చెప్పాల్సింది, మర్చిపోయాను: మీది నిజంగా మొత్తం తీయాల్సిన పెయింటేనా? తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు బాగా అంటితే అది అరిగిపోయే రకం, ఏబ్లేటివ్ అంటారు. దానికి పిప్పి మిగలదు, సబ్బులా అరుగుతూ పోతుంది. అది గట్టిగా పట్టుకుని ఉంటే ఊడుతున్నచోట మాత్రం గీకి, అంచులు నున్నగా చేసి, మళ్ళీ అదే రకం పూసుకోండి. అంతా తీసేయాలని నాలాగ పంతం పట్టకండి. అలాగే గీకడం అయ్యాక జెల్‌కోటు సూక్ష్మరంధ్రాల్లో నీలి ఛాయ మిగులుతుంది. దాన్ని వదిలేయండి. చివరగా వాక్యూమ్ తగిలించిన శాండర్‌తో 80 నంబర్ కాగితం పైపైన తిప్పితే చాలు. అవును, శాండర్. అప్పుడు మాత్రమే.

పెయింటు పోయాక పడవ అసలు చర్మం బయటపడుతుంది. నాకు అర్ధరూపాయి బిళ్ళంత పొక్కులు ముప్పై దాకా కనిపించాయి. గాగుల్స్ పెట్టుకుని సూదితో గుచ్చండి, లోపల ఒత్తిడికి చిమ్ముతుంది. పుల్లటి వెనిగర్ వాసన. ఫైబర్‌లోకి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగిన గుర్తు అది. తవ్వి, ఆరబెట్టి, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్దతో పూడ్చి, పైన నీళ్ళు దిగకుండా ఆపే ఎపాక్సీ బ్యారియర్ కోటు అయిదు పూతలు వేశాను. ఆఖరి పూత మీద యాంటీఫౌలింగ్ ఎప్పుడు వేయాలన్నదే అసలు కిటుకు. బొటనవేలితో నొక్కితే ముద్ర పడాలి, కానీ వేలికి పెయింటు అంటకూడదు. అంతకుముందైతే కలిసిపోతుంది, దాటిపోతే పట్టదు, మళ్ళీ రుద్దుకోవాలి. అరిసెల పాకం చూసే చేతులకి ఇది కొత్తేం కాదు. ఆ రోజు అమ్మ నాతో యార్డుకి వచ్చింది. మడత కుర్చీలో కూర్చుని, పావుగంటకోసారి లేచి వేలితో నొక్కి చూసి, "ఇంకా రాలేదు", "ఇంకా రాలేదు" అని, ఒకసారి "ఊఁ, దింపు" అంది. మొదలెట్టాను. ఆ పెయింటు ఇవాళ్టిదాకా ఒక్క పెచ్చు లేవలేదు.

కొన్ని చోట్ల తప్ప. పడవని నిలబెట్టిన స్టాండ్ల మెత్తల కింద మనకి చెయ్యి దూరదు. వాటిని సొంతంగా జరపకండి, ఒక్కటి జారినా పడవ మన మీదే పడుతుంది. యార్డు వాళ్ళనే జరపమనాలి. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ రేపన్నారు. ఆఖరికి నీళ్ళలోకి దింపే రోజు, పడవ క్రేను బెల్టుల్లో వేలాడుతుండగా, "పది నిమిషాలే" అని వాచీ చూపించారు. గీకడానికి టైమెక్కడిది, ఉన్న పాత పెయింటు మీదే ఒక చుట్టు పూశాను. ఆ నవంబర్లో మళ్ళీ పైకి తీసినప్పుడు అడుగంతా శుభ్రంగా ఉంది. మెత్తలున్న ఆరు చోట్ల మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఆరు చదరాలు, వాటి నిండా బార్నకిల్స్.